కొచ్చెర్లకోట రంగధామరావు

కొచ్చెర్లకోట రంగధామరావుగారు 1898వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన బరంపురమున జన్మించిరి. నేడు ఆ పట్టణము ఒడిశాలో నున్నది. ఆనాడు అది మదరాసు రాజధానిలోనిది. ఆ ప్రాంతపు తెలుగువారికి విజయనగరము విద్యకు నెలవు. అచ్చటి మహారాజా కళాశాలలో, తరువాత కొడైకనాలు సూర్య పరిశోధనాలయమునకు అధిపతియైన ఎ. ఎల్. నారాయణగారు కాంతిని గూర్చి పరిశోధించుచుండిరి. రంగధామరావుగారు వారికడ శిష్యులైరి.

గురుశిష్యులు చేపట్టిన సమస్యలలో బిస్మతు లోహపు ఆవిరి యొకటి. కొన్ని పదార్థములు తమపై బడిన వెలుగును పీల్చి, వెంటనే వేఱొక రంగు వెలుగును వెదజల్లును. దీనినే ప్రతిదీప్తి యందురు. పీల్చిన శక్తిలో కొంత లోపలనే వ్యయమగుటచే, వెడలు వెలుగు సాధారణముగా దీర్ఘతరంగములు కలదై యుండును. సారాయిలో కలిపిన పసుపును అతినీలలోహిత దీపము చెంత నుంచి చూడుడు; అది ఆకుపచ్చని ఛాయతో మెఱయును.

పసుపు మాట సులభమే. బిస్మతు 271 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును గాని, చాలినంత ఆవిరి కావలెనన్న కొలిమి ఎఱ్ఱగా కాలవలెను. అట్టి కొలిమి తానే వెలుగుచుండును! ఆ వెలుగులో ఆవిరి యిచ్చు మందకాంతిని వేఱుపఱచుట యెట్లు? ఇట్టి పరీక్షలలో దీపమునకు ఎదురుగా గాక, దానికి లంబముగా ప్రక్కనుండి చూతురు. అప్పుడు దీపపు కాంతి నేరుగా పరికరమున జొరబడదు. వచ్చిన కాంతిని పట్టకము రంగులుగా విడదీయును; ఛాయాచిత్రపు పలక దానిని పట్టుకొనును. దీపము నార్పినను నిలిచియున్నది కొలిమి వెలుగు. దీపముతో మాయమైనది ప్రతిదీప్తి. ఆ ఆవిరి పీల్చిన కాంతిలో నల్లని చాళ్లు వరుసగా గానవచ్చును. అవి ఒంటరి పరమాణువుల గుర్తులు గావు, జతగూడిన పరమాణువులవి.

పిదప రంగధామరావుగారు లండనునకేగి, ఇంపీరియల్ కళాశాలలో వర్ణపటశాస్త్రజ్ఞుడైన ఆల్ఫ్రెడ్ ఫౌలరుకడ పనిచేసి డాక్టరు పట్టమును బడసిరి. అచ్చటనే స్థిరపడక, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి భౌతికశాస్త్ర పరిశోధనశాలను పెంచిరి. వారి జీవితమున దీనినే పెద్ద పనిగా నెంచవలెను. పేరొందిన ఆచార్యులయ్యును పాత విద్యతో తృప్తిచెందక, రేడియో తరంగములతో పరమాణు కేంద్రకములను పరీక్షించు కొత్త శాస్త్రమును తాము నేర్చి శిష్యులకు నేర్పిరి.

నేటి విశ్లేషణశాలలలో ప్రతిదీప్తి పరికరము రంగును రెండుమార్లు ఎన్నుకొనును: పదార్థముపై బడుటకు ముందొకమారు, వెడలిన పిదప నొకమారు. పలకకు మారుగా విద్యుత్కన్ను కాంతిని కొలుచును. నీటిలోని అత్యల్ప మాలిన్యమును సయితము అది పట్టగలదు. దీపమునకు ప్రక్కగా నిలిచి చూచు పద్ధతి మాత్రము మారలేదు.

రంగధామరావుగారు 1972 జూన్ 20వ తేదీన కీర్తిశేషులైరి. అప్పటికి వారి శిష్యులలో పలువురు తామే ఆచార్యులై యుండిరి.