జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) యంత్ర నిర్మాత, పారిశ్రామికవేత్త. తమిళనాడులోని కోయంబత్తూరు సమీపాన కలంగల్ గ్రామంలో, తెలుగు మాతృభాషగా గల వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. ఈయనను భారతదేశపు ఎడిసన్ అని కూడా పిలుస్తారు.

తొలి జీవితం

నాయుడు పాఠశాల చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయింది. యుక్తవయసులో ఒక ఆంగ్లేయ అధికారి వద్దనున్న రడ్జ్ మోటారు సైకిలును చూసి ముచ్చటపడ్డాడు. కోయంబత్తూరులో హోటల్ సర్వరుగా పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో దానిని 300 రూపాయలకు కొన్నాడు. దానిని భాగాలుగా విడదీసి, తిరిగి బిగించి, యంత్రం పనితీరును స్వయంగా నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచ్చి - పళని మధ్య ఒకే ఒక బస్సుతో రవాణా వ్యాపారం ప్రారంభించాడు. తరువాతి కాలంలో ఆ సంస్థ యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.)గా ప్రసిద్ధి చెందింది.

యంత్ర నిర్మాణం

1937లో డి.బాలసుందరం నాయుడుతో కలసి కోయంబత్తూరులోని పీలమేడులో విద్యుత్ మోటారును తయారుచేశాడు. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దీనిని పేర్కొంటారు. మోటారులో కదలని భాగానికి, తిరిగే భాగానికి మధ్య ఉండే ఖాళీ చాలా స్వల్పం. ఇరుసును సరైన కొలతకు కోసి, నునుపుచేసి, నడిమధ్యన అమర్చకపోతే ఆ రెండూ ఒరుసుకుంటాయి. ఖాళీ ఎక్కువైతే మోటారు శక్తి తగ్గుతుంది. కనుక ఇటువంటి యంత్రానికి నమూనా గీయడం ఎంత ముఖ్యమో, భాగాలను కోసి అమర్చే పనితనమూ అంతే ముఖ్యం.

ఆయన రూపొందించిన రాసంట్ అనే విద్యుత్ క్షౌర యంత్రం బ్యాటరీలతో నడిచే చిన్న మోటారుతో పనిచేసేది. దీనిని జర్మనీలో తయారుచేశారు. అతి పలుచని బ్లేడ్లు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే పంకా, ఓట్లను నమోదుచేసే యంత్రం ఆయన ఇతర ఆవిష్కరణలు.

సాంకేతిక విద్య

కర్మాగారంలో చేతులతో నేర్చిన విద్యే నిజమైన విద్య అని నాయుడు విశ్వసించాడు. 1945లో ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడింది. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల దాని నుండి రూపొందినదే. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువు కాలహరణమనీ, రెండేళ్ళు చాలుననీ ఆయన వాదించాడు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో, తాను ఎంతో ఇష్టపడి నెలకొల్పిన ఆ సంస్థ ప్రిన్సిపాల్ పదవిని వదులుకున్నాడు.

మరణం, స్మృతి

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. కోయంబత్తూరులో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది. 2025లో ఆ నగరంలోని అవినాశి రోడ్డుపై నిర్మించిన ఎత్తైన వంతెనకు తమిళనాడు ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది.