పల్లె వైద్యుడు హషిమోటో

పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మన ఇళ్లలోనో, ఇరుగుపొరుగునో ఉంటూనే ఉంటారు. వారిలో కొందరికి డాక్టరు చెప్పే జబ్బు పేరు హషిమోటో. అది ఒక మనిషి పేరని, ఆయన ఒక పల్లెటూరి వైద్యుడని మనలో చాలామందికి తెలియదు.

హకారు హషిమోటో 1881 మే 5న జపాన్‌లోని మియె ప్రాంతంలో, ఇగా దగ్గర ఒక పల్లెలో పుట్టారు. వారిది వైద్యుల కుటుంబం. ఫుకువోకాలో కొత్తగా పెట్టిన వైద్య కళాశాలలో చేరి, 1907లో మొదటి జట్టు విద్యార్థులతోపాటు పట్టా అందుకున్నారు. తర్వాత ఆచార్య హయారి మియాకె దగ్గర శస్త్రచికిత్స విభాగంలో పనిచేశారు.

మన మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే వినాళ గ్రంథి థైరాయిడ్. ఆ గ్రంథి వాచిన నలుగురు స్త్రీలకు ఆపరేషన్ చేసి తీసిన ముక్కలను హషిమోటో మైక్రోస్కోపు కింద పరిశీలించారు. గ్రంథి నిండా లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు గుంపులు కట్టి ఉన్నాయి. అప్పటికి తెలిసిన ఏ థైరాయిడ్ జబ్బుతోనూ అది సరిపోలలేదు. ఆయన దాన్ని తెలిసిన జబ్బుల్లో ఏదో ఒకదానికి అంటగట్టలేదు. ఇది వేరే జబ్బు అని 1912లో జర్మన్ భాషలో వ్యాసం ప్రకటించారు. కారణం మాత్రం అప్పటికి అంతుపట్టలేదు.

పై చదువుకు జర్మనీ వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఆ చదువు ఆగిపోయింది. స్వదేశానికి వచ్చి, 1916 నుంచి సొంత ఊరిలోనే వైద్యం చేశారు. రిక్షాలో రోగుల ఇళ్లకు వెళ్లి చూసేవారు. 1934 జనవరి 9న టైఫాయిడ్‌తో 52 ఏళ్లకే కన్నుమూశారు.

విదేశాల్లో చాలామంది వైద్యులు ఆయన చెప్పినదాన్ని వేరొక థైరాయిడ్ జబ్బుకు తొలి దశగానే చాలాకాలం భావించారు. కారణం 1956లో బయటపడింది. ఈ రోగుల రక్తంలో తమ థైరాయిడ్ మీదే పనిచేసే యాంటీబాడీలు ఉన్నాయని లండన్‌లో రాయిట్, డోనియాక్ బృందం కనుగొంది. కుందేళ్లలో ఇలాంటి స్థితినే కలిగించవచ్చని అమెరికాలో రోజ్, విటెబ్‌స్కీ చూపించారు. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మన గ్రంథిని శత్రువనుకుని దెబ్బతీస్తోందన్నమాట! కంచే చేను మేయడం అంటే ఇదే. గ్రంథి తయారు చేయలేని హార్మోనును నేడు మాత్ర రూపంలో ఇస్తున్నారు. దానితో రోగులు మామూలుగా బతకగలుగుతున్నారు.

హషిమోటో చూసిన లింఫోసైట్లకు అర్థం తెలియడానికి 44 ఏళ్లు పట్టింది. అప్పటికి ఆయన లేరు. మన ప్రయోగశాలలో ఫలితం పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే, దాన్ని చెరిపేసి పక్కవారి రికార్డు చూసి రాయాలనిపిస్తుంది. అప్పుడు ఈ పల్లె వైద్యుణ్ణి తలుచుకుందాం. కారణం తెలియకపోయినా సరే, చూసింది చూసినట్టే రాద్దాం.