వాకిట్లోకి వచ్చిన బడి



అంగన్‌వాడీ అన్న మాట తెలియని ఇల్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉండదు. మీలో కొందరు తొలిసారి పలక పట్టింది అక్కడే అయ్యుండొచ్చు. ఆ మాట వెనక ఒక టీచరమ్మ కథ ఉంది. ఆమె పేరు తారాబాయి మోదక్. ఈ నెల మీకు ఆమెను పరిచయం చేస్తున్నాం.

తారాబాయి 1892లో ముంబైలో పుట్టారు. ఆడపిల్లల చదువు అంతంతమాత్రంగా ఉన్న ఆ కాలంలోనే 1914లో ముంబై విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ అందుకున్నారు. విదర్భలోని అమరావతిలో వకీలుగా ఉన్న మోదక్ గారితో పెళ్లయింది. ఆ కాపురం నిలవలేదు. 1921లో ఇద్దరూ విడిపోయారు. చూసుకోవాల్సిన చిన్న కూతురు ఉంది. వందేళ్ల కిందట భర్త తోడు లేని తల్లిని లోకం ఎలా చూసి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆమె కుంగిపోలేదు. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో మహిళా కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేశారు.

అదే రోజుల్లో భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా బెత్తం లేని బాలమందిరం నడుపుతున్నారు. పిల్లల కోసం వకీలు పని మానేసిన మనిషి ఆయన. గుజరాత్ ఆయన్ని మీసాల అమ్మ అని ముద్దుగా పిలుచుకుంది. తారాబాయి 1923లో ప్రిన్సిపాల్ ఉద్యోగం వదిలి, అక్కడ చిన్నపిల్లలతో పని మొదలుపెట్టారు. పెద్ద కుర్చీ దిగి నేలమీద పిల్లల మధ్య కూర్చున్నారన్నమాట. 1926లో ఇద్దరూ కలిసి నూతన్ బాల శిక్షణ్ సంఘ్‌ను స్థాపించారు.

అసలు పరీక్ష 1945లో ఎదురైంది. మహారాష్ట్ర సముద్రతీరంలోని బోర్డీ గ్రామంలో ఆమె బాలవాడి తెరిచారు. అందరికీ స్వాగతమే. కానీ దళితవాడ పిల్లలు రాలేదు. మీరైతే ఏమనుకునేవారు? వాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదని సరిపెట్టుకోవడం చాలా తేలిక. తారాబాయి అలా అనుకోలేదు. బాలవాడినే వాళ్ల వాడకు తీసుకెళ్లారు. ఇళ్ల ముందు వాకిట్లోనే ఆటపాటలు మొదలయ్యాయి. మరాఠీలో అంగణ్ అంటే ముంగిలి. అలా పుట్టింది అంగన్‌వాడీ.

1950లలో ఆమె పని దగ్గరలోని కోస్‌బాడ్ కొండమీదికి, వార్లీ ఆదివాసీ పిల్లల దగ్గరికి చేరింది. అక్కడ అక్కలు ఇంట్లో చంటిబిడ్డల్ని ఎత్తుకోవాలి కాబట్టి బడికి రాలేరు. అందుకని శిశుసంరక్షణ కేంద్రం, బాలవాడి, ప్రాథమిక పాఠశాల ఒకేచోట పెట్టారు. పశువులు కాసే పిల్లల కోసం పచ్చికబయల్లోనే పాఠాలు చెప్పారు. ఖరీదైన మాంటిసోరి సామాన్ల బదులు గవ్వలు, గులకరాళ్లు, గింజలు, ఆకులే ఆట వస్తువులయ్యాయి. ఈ దారిలో అనుతాయి వాఘ్ ఆమెకు కుడిభుజంగా నిలిచి, తర్వాత కూడా ఆ పనిని కొనసాగించారు.

1962లో తారాబాయికి పద్మభూషణ్ వచ్చింది. 1973లో ఆమె కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత, 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం ఐసీడీఎస్ పథకం ప్రారంభించినప్పుడు దాని కేంద్రాలకు అంగన్‌వాడీ అన్న పేరే స్థిరపడింది. ఊరూరా వినిపించే ఆ మాటను ఆమె చూడలేకపోయారు.

మన పాప అక్షరాలు దిద్దనని మొండికేసినప్పుడు, బాబు స్కూల్ బస్ ఎక్కనని ఏడ్చినప్పుడు మనకు ముందు కోపమే వస్తుంది. పక్కింటి పిల్లలతో పోలికా మొదలవుతుంది. ఈసారి ఒక్క నిమిషం ఆగండి. తారాబాయి చేసినట్టు, ఎందుకు రావడం లేదో తెలుసుకుని, మనమే రెండడుగులు వాళ్ల వైపు వేద్దాం.

ఈ ఆదివారం ఫోన్ పక్కన పెట్టి, గుప్పెడు చింతపిక్కలు తీసుకుని మీ పిల్లల పక్కన నేలమీద కూర్చోండి. ఆట ఏమిటో వాళ్లనే చెప్పనివ్వండి.