అపర భగీరథుడును పులసయు

నందననామ సంవత్సరపు కరవు పలనాటికి మరపురానిది. 1832-33లో వచ్చిన ఆ క్షామమున గుంటూరు మండలములో లక్షకు పైగా జనము నశించిరి. కృష్ణ చెంతనే పారుచున్నను పొలము తడియలేదు. గోదావరి సీమయు ఆ దశాబ్దమున కరవుచే చిక్కిపోయెను. ఈ వ్యాధికి మందు కనుగొన్నవారిలో ముందుగా తలపవలసినవాడు సర్ ఆర్థర్ కాటన్.

1803 మే 15వ తేదీన జన్మించిన కాటన్ పదునెనిమిదవ యేట ఇంజనీరుగా మద్రాసు చేరెను. కావేరిపై చోళులు కట్టిన కట్టను చూచి, ఇసుక పునాదిపై రాయి నిలుచు కిటుకును గ్రహించెను. 1836లో కొల్లిడంపై ఆనకట్టలు నిర్మించెను. 1847లో ధవళేశ్వరమున మొదలిడి, 1852 నాటికి గోదావరిని కట్టెను. పిదప 1855 నాటికి కెప్టెన్ ఓర్ బెజవాడ వద్ద కృష్ణకు కట్ట వేసెను. పలనాటి మెట్టకు ఆ నీరు ఎక్కలేదు. 1967లో నాగార్జునసాగరపు కుడికాలువ పారువరకు మనము వేచియుంటిమి.

నదికి పైరు మాత్రమే బిడ్డ కాదు. కడలిలో విలసయనబడు చేప, వరదనీరు ఎఱ్ఱబడగనే గోదావరికి ఎదురీది, మంచినీట పులసయై గ్రుడ్లు పెట్టును. పిల్లలు మరల కడలి చేరును. ఆ దారికి ఆనకట్ట అడ్డుపడెను. మత్స్యశాస్త్రజ్ఞుడైన ఫ్రాన్సిస్ డే 1873లోనే తన నివేదికయందు ఇట్టి కట్టలవలన ఈ జాతికి కలుగు హానిని ప్రభుత్వమునకు తెలిపెను. కాటన్‌ను ఇందుకు నిందించుట తగదు. ఆకలిచావులను ఆపుటకు పుట్టిన కట్ట అది.

1861లో సర్ బిరుదు పొందిన కాటన్, రైలుమార్గములకంటె కాలువలే మేలని స్వదేశమున వాదించి, 1878లో పార్లమెంటు సంఘము ఎదుట తన మాటను సమర్థించుకొనవలసి వచ్చెను. 1899 జూలైలో డార్కింగ్ పట్టణమున కన్నుమూసెను.

నేడు పాత ఆనకట్ట స్థానమున ఆయన పేరనే బ్యారేజి నిలిచియున్నది. పులస మాత్రము అరుదైనది. అమెరికాలో కొలంబియా నదిపై 1938 నాటి బోనవిల్ ఆనకట్టకు సాల్మన్ చేపలు ఎక్కుటకు మెట్లు కలవు. పులస సాల్మన్ వలె దుముకజాలదు. కనుకనే గంగపై ఫరక్కా వద్ద ఓడల లాకు తలుపుల గుండ దానికి దారి విడుచు యోచన 2019లో వెలువడెను. గ్రుడ్లు పెట్టవచ్చు చేపను, దిగిపోవు పిల్లను వలలనుండి విడిచి, కట్టలో దారి కల్పించినగాని జాతి నిలువదు. నీటిని పొలమునకు మళ్ళించుట కాటన్ తీర్చిన ఋణము. నదిలో చేపకు చోటు మిగుల్చుట మనము తీర్పవలసిన ఋణము.