స్వరాజ్యమెవరికని అడిగిన పండితుడు: అయోతీదాసు

1907 వేసవిలో బిపిన్ చంద్రపాల్ మన కోస్తా పట్టణాలలోను, ఆపైన మదరాసు సముద్రతీరంలోను స్వరాజ్యప్రబోధం చేసి వెళ్ళారు. ఆ వేడి చల్లారకముందే, జూన్ 19న, మదరాసు రాయపేట నుండి ఒక చిన్న వారపత్రిక వెలువడింది. ధర ఒక్క పైసా. పేరు కూడా ‘ఒరు పైసా తమిళన్’. మరుసటి యేడు అది ‘తమిళన్’ అయింది. దాని సంపాదకులు నాడి చూసి మందిచ్చే సిద్ధవైద్యులు, పండిత అయోతీదాసు.

1845 మే 20న పరయ కుటుంబంలో జన్మించిన ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాత్తవరాయన్. విద్య నేర్పిన గురువు పేరునే తన పేరుగా ధరించారు. తమ తాతగారు కందప్పన్ ఒక ఆంగ్లేయుని ఇంట కొలువులో ఉండి, తమ ఇంటనున్న తిరుక్కుఱళ్ తాళపత్రాలను ఎల్లిస్ దొరకు అందేటట్లు చేశారని ఆయన చెప్పేవారు. ఊరివెలుపలికి నెట్టబడినవారి యింట గ్రంథం ఎలా నిలిచింది? ఆ ప్రశ్న ఆయనను జీవితాంతం వదలలేదు.

1891లో నీలగిరులలో ద్రావిడ మహాజన సభను సమావేశపరచి తన జనుల కోర్కెలను తీర్మానాలుగా ప్రకటించారు. మరుసటి యేడు మదరాసు మహాజన సభ సమావేశానికి ప్రతినిధిగా వెళ్ళి, శివ విష్ణు ఆలయాలలో తమవారికి ప్రవేశం కోరారు. సభ భగ్గుమంది. మీకు గ్రామదేవతలున్నారు కదా అని ఒక పెద్దమనిషి సమాధానం చెప్పారు. అటువంటి దేవుళ్ళు మాకక్కర లేదని పలికి, పిల్లలకు ఉచితవిద్య, దున్నుకోవడానికి బంజరుభూమి ఇప్పించమన్నారు అయోతీదాసు. తెల్లవారి నుండి హక్కులు కోరడానికి ఏర్పడిన సభ అది. గుడిగడప దగ్గరికి వచ్చేసరికి దాని న్యాయబుద్ధి ఆగిపోయింది. ఆయన రాజకీయమంతా ఈ అనుభవంలో నుండే మొలకెత్తిందని నా అభిప్రాయం.

1898లో కర్నల్ ఆల్కాట్ తోడ్పాటుతో కొలంబో చేరి, సుమంగళ మహానాయక స్థవిరుల వద్ద పంచశీల స్వీకరించారు. తిరిగివచ్చి రాయపేటలో శాక్య బౌద్ధ సంఘాన్ని స్థాపించారు. కోలారు బంగారు గనులలోను, రంగూనులోను శాఖలు లేచాయి. తెలుగువారైన ఆచార్య పోకల లక్ష్మీనరసు ఈ ఉద్యమంలో ఆయనకు సహచరులు. వైజ్ఞానికుడైన నరసుగారి హేతుదృష్టికీ, పురాతన తమిళ గ్రంథాలలో బౌద్ధపు జాడలు వెదికే పండితుని మార్గానికీ పొత్తు ఎల్లవేళలా కుదరలేదు. అయినా ఇద్దరూ ధర్మానికి పనిచేశారు.

‘తమిళన్’ పుటలలో అయోతీదాసు స్వదేశీవాదులను వారం వారం నిలదీశారు. విదేశీవస్త్రాన్ని తగులబెట్టే చేయి స్వదేశీయుని తాకడానికి ఎందుకు వెనుదీస్తుంది? ఊరిబావిలో నీరు తోడుకోనివ్వనివారు రాజ్యాధికారంలో పాలు ఇస్తారా? అధికారం నేడే చేతులు మారితే భూమి, కొలువులు, చదువు ఎవరి వశంలో ఉన్నాయో వారికే అది దక్కుతుంది; కనుక కులభేదం తొలగడం ముందు, స్వపరిపాలన తరువాత అన్నది ఆయన వాదం. అధికారం ఇవ్వవలసివస్తే ఈ నేల పూర్వీకులైన వారికే ఇవ్వాలని కూడా వాదించారు. 1911లో మణియాచ్చిలో కలెక్టర్ ఆష్ హత్యకు గురైనప్పుడు ఆ కృత్యాన్ని ఖండించారు.

ఆంగ్లప్రభుత్వంపై ఆయన ఉంచిన నమ్మకం మితిమీరినదని ఒప్పుకోక తప్పదు. తోటలకు కూలీలను ఓడలకెత్తించిందీ ఆ ప్రభుత్వమే. కాని బడి, పట్టాళం, రైలుకొలువు తమవారికి మొదటిసారి తెరుచుకున్నది ఆ పాలనలోనే అన్నది ఆయన కళ్ళెదుటి సత్యం. దొరల మెప్పుకోసం రాశారనేవారు ఆ పత్రికను చదివి ఉండరు.

అస్పృశ్యులనబడేవారు పూర్వబౌద్ధులనీ, ధర్మం విడువనందుకే వెలివేయబడ్డారనీ ఆయన సిద్ధాంతం. చిన్ననాటి తాళపత్రాల ప్రశ్నకు ఆయనకు దొరికిన జవాబు అదే. 1914 మే 5న అయోతీదాసు కన్నుమూశారు. అస్పృశ్యత పుట్టుకను గూర్చి ఇంచుమించు ఇదే నిర్ణయాన్ని 1948లో బాబాసాహెబ్ అంబేడ్కర్ తన గ్రంథంలో ప్రతిపాదించారు. ఆ యేడే లక్ష్మీనరసుగారి బౌద్ధగ్రంథాన్ని తన పీఠికతో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.