వెలుగు కొలత నెరిగిన రాజా దీనదయాళ్

ఛాయాచిత్రకళకు ప్రాణము వెలుగు. అది తక్కువైనను ముప్పే, ఎక్కువైనను ముప్పే. ఆ మితమును కంటితో గ్రహించి వన్నెకెక్కినవాడు రాజా దీనదయాళ్.

ఆయన 1844లో మీరట్టు సమీపమునగల సర్ధనాలో జన్మించెను. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు నేర్చి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగియయ్యెను. 1874 ప్రాంతమున కెమెరా చేపట్టెను. 1882లో లెపెల్ గ్రిఫిన్ దొర వెంట మధ్యభారతమున సంచరించి ప్రాచీన కట్టడములను చిత్రించెను. పిదప హైదరాబాదు చేరి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పెను. నేడు కామారెడ్డి జిల్లాలోనున్న మన రాజంపేటయు నాడు ఆ నిజాము రాజ్యములోనిదే.

అప్పటికి వెలుగును కొలుచు విద్యుత్ మీటరు లేదు. గాజుపలకమీది వెండిలవణపు పూతపై ఎంత వెలుగు పడవలెనో అనుభవమే చెప్పవలెను. వెలుగు చాలనిచో నీడలోని వివరములు పలకపై పడవు. తరువాత ఎంతసేపు మందులో నుంచినను లేనిది రాదు. వెలుగు మితిమీరినచో తెల్లని వస్త్రపు మడతలు మాసిపోయి, అచ్చులో తెల్లని మచ్చయే మిగులును. కావున నీడలను చూచి వెలుగు నిచ్చుటయు, వెలుతురు భాగములను చూచి మందులో నుంచు కాలమును నిర్ణయించుటయు ఈ విద్యకు మూలసూత్రములు. నాటి సాధారణ పలకలు నీలికాంతిని త్వరగా గ్రహించును, ఎరుపును దాదాపు గ్రహింపవు. అందుచే నీలాకాశము తెల్లబడును, ఎఱ్ఱని చీర నల్లబడును. చిత్రకారుడు దీనినిగూడ ముందే ఊహింపవలెను.

ఇది కేవలము నేర్పునకు సంబంధించిన మాట కాదు. తెల్లని తలపాగా క్రింద చామనచాయ ముఖము గల మనుష్యుని చిత్రించునపుడు, తలపాగాను మాత్రమే చూచి వెలుగు నిచ్చినచో ముఖము చీకటిలో మునుగును. ముఖము పోయినచో మనిషి చరిత్రయే పోవును. దర్బారు ముగిసిన పిదప మరల రాదు.

నిజాము ఆయనకు రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు నిచ్చెను. 1899-1900 నాటి కరవు కాలమున జరిగిన సహాయపు పనులనుగూడ ఆయన స్టూడియో చిత్రించెను. రాజునకైనను కూలికైనను వెలుగు కొలత యొకటే.

ఆయన 1905లో మరణించెను. 1989లో ఆయన గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. నేడు నలుపు తెలుపు ఫిలిము చేతబట్టు విద్యార్థి మొదట నేర్వవలసినది, మీట నొక్కుటకు ముందు నీడలోనిదానిని చూచుటయే.