ఒకే వాక్యము, వేర్వేరు సంఘములు: బిషప్ అజరయ్యగారి జీవితము

ధ్యాన భాగములు: యోహాను 17:20-23, అపొ. కార్యములు 20:17-28



మన పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములలో ఫ్యాక్టరీ పనికి వచ్చినవారు ఒకే వరుస గదులలో కాపురముండి, ఆదివారమున వేర్వేరు గుడులకు పోవుచున్నారు. బాప్తిస్మమును గూర్చి మాట వచ్చినప్పుడు ఒకరు అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము తెరచి, చెరసాల నాయకుని ఇంటివారందరు బాప్తిస్మము పొందిరని చూపుదురు. మరియొకరు 8వ అధ్యాయము తెరచి, ఐతియొపీయుడు సువార్త విన్న తరువాతనే బాప్తిస్మము కోరెనని చూపుదురు. గ్రంథమొక్కటే, అయినను వియ్యమందిన కుటుంబములు సహితము మాటలు మానుకొనుచున్నవి. ఇట్టి వేళ దోర్నకల్ బిషప్ అజరయ్యగారిని జ్ఞాపకము చేసికొనుట మనకు మేలు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై గ్రామమున జన్మించిరి. తండ్రి ఆంగ్లికన్ సంఘపు గ్రామ పాదిరి. యౌవనమున ఈయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసిరి. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఒక మిషనరీ సంఘమును స్థాపింపగా, అందులో ఈయన ముఖ్యులు. ఆ సంఘమువారు నిజాం రాజ్యములోని దోర్నకల్‌ను తమ సేవాస్థలముగా ఎన్నుకొనిరి. అరవము మాతృభాషగా గల అజరయ్యగారు తెలుగు నేర్చుకొని, ఊరి వెలుపలి పేదల వాడలలో సువార్త చెప్పిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

వాక్యమును బ్రదుకునకు అన్వయించుట ఆయన వాడుక. 1910లో ఎడింబరోలో జరిగిన మిషనరీ మహాసభలో, 1 కొరింథీయులకు 13వ అధ్యాయమును ఆధారము చేసికొని, మిషనరీలు ఎంతో త్యాగము చేసినను తమకు కావలసినది స్నేహమని నిర్భయముగా చెప్పిరి. తన పల్లెలలో బాప్తిస్మము పొందినవారిని, తలమీద చేయి ఉంచుకొని, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమయని 1 కొరింథీయులకు 9:16 ప్రకారము ఒప్పుకొనునట్లు చేసిరి. చదువురాని కూలివారును ఆ విధముగా సాక్షులైరి.

అయితే ఒక దుఃఖము ఆయనను బాధించెను. ఒకే ప్రభువును నమ్మినవారు మిషనుల భేదమువలన ఒకే ప్రభువు బల్లయొద్ద కూడలేకుండిరి. 1919 మే నెలలో తరంగంబాడిలో ఆయనయు, ఇతర సంఘముల కాపరులును కూడి ఐక్యమును గూర్చి ఆలోచించిరి. 1925లో మెతడిస్టువారును ఈ పనిలో చేరిరి.

చిక్కు బిషప్ పదవియొద్ద వచ్చెను. ఎఫెసు పెద్దలనే పౌలు అధ్యక్షులని పిలిచెను గనుక ఆ రెండు పేరులును ఒకే పనివారివని ప్రెస్బిటేరియనులు అపొ. కార్యములు 20వ అధ్యాయము చూపిరి. తీతు పట్టణ పట్టణమున పెద్దలను నియమించెను గనుక వారిపై విచారణకర్త ఉండవలెనని ఆంగ్లికనులు తలంచిరి. విశ్వాసులందరు యాజకులేయని 1 పేతురు 2:9 ని బట్టి కాంగ్రిగేషనలువారు సంఘస్థుల హక్కును నిలువబెట్టిరి. ఎవరును వాక్యమును త్రోసివేయలేదు. ప్రతివారును అందులో ఒక భాగమును గట్టిగా పట్టుకొనియుండిరి.

ఇంగ్లండులో అనేకులు శంకించినను అజరయ్యగారు వెనుదీయలేదు. కడకు బిషప్ పదవిని ఉంచుకొనుటకును, దానిని గూర్చి ఏ ఒక్క సిద్ధాంతమును ఎవరిమీదను మోపకుండుటకును, పెద్దలకును సంఘస్థులకును పరిపాలనలో పాలిచ్చుటకును అందరు సమ్మతించిరి.

ఆ దినమును ఆయన కన్నులార చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. మన మెదక్ అధ్యక్ష మండలమును ఆ ఐక్యములో పుట్టినదే. బాప్టిస్టు, లూథరన్ సహోదరులు అందులో చేరలేదు. బాప్తిస్మమును గూర్చిన వాదము నేటికిని నిలిచియున్నది.

కావున ప్రియులారా, పొరుగువాడు వేరొక వచనము తెరచినప్పుడు మన గ్రంథము మూయక, అతనితోకూడ ఆ వచనమును చదువుదము. అతడు పట్టుకొనిన సత్యమేదో మొదట విందము. మనము నమ్మినదానిని దాచనక్కరలేదు. గాని అతనిని సహోదరుడని పిలుచుట మానకూడదు. తన శిష్యులు ఏకమై యుండవలెనని ప్రభువు సిలువకు పోవు రాత్రి ప్రార్థించెను. ఈ మాసమున మన కుటుంబ ప్రార్థనలలో వేరొక సంఘమునకు చెందిన ఒక ఇంటివారిని పేరుపెట్టి జ్ఞాపకము చేసికొందుము గాక. ఆమేన్.